వెనకాల గవర్నమెంట్ ఉంది కదా, చిప్, క్వాంటమ్, బయోటెక్ షేర్లు కొనేయొచ్చా?

కొండాపూర్ కుర్రాడు | 8 నవంబర్ 2025, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. నాకు 29 ఏళ్లు, ఐటీలో ఉద్యోగం. నెలకు 15 వేలు ఇండెక్స్ ఫండ్‌లో సిప్ వేస్తుంటాను. అంతకు మించి మార్కెట్ తెలీదు. మొన్న చీటీ ఎత్తితే 4 లక్షలు చేతికొచ్చాయి.

ఈ నెల 3న ప్రధాని పరిశోధనల కోసం లక్ష కోట్ల ఆర్డీఐ ఫండ్ ప్రారంభించారు. సెమీకండక్టర్ మిషన్‌కి 76 వేల కోట్లు. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అంటున్నారు. అక్కడ అమెరికాలో ట్రంప్ ప్రభుత్వం ఏకంగా ఇంటెల్‌లో వాటాయే తీసుకుంది. వెనకాల గవర్నమెంటే ఉన్నప్పుడు ఇలాంటి షేర్లు మునిగిపోయే ఛాన్స్ తక్కువ కదా? 4 లక్షలూ చిప్స్, క్వాంటమ్, బయోటెక్ మూడింటికీ పంచుదామనుకుంటున్నాను. పేర్లు చెప్పగలరా?

కృష్ణలంక బాబాయ్ | 8 నవంబర్, రాత్రి 11:05

పేర్ల సంగతి తర్వాత. చీటీ ఎన్నో నెలలో ఎత్తావు? ఇంకా ఎన్ని వాయిదాలు కట్టాలి?

(బ్యాంకులో 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను. ముందు ఈ ప్రశ్నే వస్తుంది నాకు, ఏమీ అనుకోకు.)

బుల్‌రన్ బుజ్జి | 8 నవంబర్, రాత్రి 11:31

బాబాయ్ వచ్చాడంటే ఎఫ్‌డీ వేసుకోమంటాడు చూడండి 😄

బ్రో, నువ్వు కరెక్ట్ ట్రాక్‌లో ఉన్నావ్. ఇది పాలసీ ట్రేడ్. ఈ ఏడాది జూలై 10న అమెరికా రక్షణ శాఖ ఎంపీ మెటీరియల్స్ అనే అరుదైన ఖనిజాల కంపెనీలో 40 కోట్ల డాలర్లు పెట్టి 15 శాతం దాకా వాటాకి దారి వేసుకుంది. ఆ ఒక్క రోజే షేరు దాదాపు 50 శాతం లేచింది. అక్టోబర్‌లో క్వాంటమ్ కంపెనీల్లో కూడా వాటాల మాటలు నడుస్తున్నాయని వార్త రాగానే ఐయాన్‌క్యూ, రిగెట్టి అన్నీ ఎగిరాయి. గవర్నమెంట్ ఎక్కడ డబ్బు పెడితే నువ్వూ అక్కడే పెట్టు. ఫైనల్.

ల్యాబ్‌కోటు | 9 నవంబర్, ఉదయం 7:20

నేను శామీర్‌పేట వైపు ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తాను. షేర్లలో పండితుణ్ణి కాదు గానీ, ఈ 'వెనకాల గవర్నమెంట్' అనే మాట దగ్గర నుంచి చూసినవాణ్ణి కాబట్టి నాలుగు ముక్కలు.

కోవాగ్జిన్ రోజుల్లో మా చుట్టాలంతా నాకు ఫోన్ చేసి అడిగింది ఒక్కటే. "ఆ కంపెనీ షేరు ఎంతుంది? మా పేరు మీద కొంచెం కొనిపెట్టు." భారత్ బయోటెక్ అసలు మార్కెట్లోనే లేదర్రా అంటే ఒక్కరూ నమ్మలేదు. బయోలాజికల్ ఇ కూడా లిస్ట్ కాలేదు. అంటే తెలంగాణ గొప్పగా చెప్పుకునే రెండు పెద్ద వ్యాక్సిన్ కంపెనీల్లో మనలాంటివాళ్లకి రూపాయి పెట్టే దారి లేదు.

సరే, ఉందనే అనుకుందాం. అప్పుడు ఏం జరిగేదో చూడండి. కోవాగ్జిన్‌కి వైరస్ ఇచ్చింది పూణేలోని ప్రభుత్వ వైరాలజీ సంస్థ ఎన్‌ఐవీ. ట్రయల్స్‌లో కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ భాగస్వామి, అమ్మకాల మీద ఐసీఎంఆర్‌కి 5 శాతం రాయల్టీ. అత్యవసర అనుమతి ఇచ్చింది కేంద్ర డ్రగ్ కంట్రోలర్. అందరికంటే పెద్ద కొనుగోలుదారు కేంద్ర ప్రభుత్వం. ఇంతకంటే గట్టిగా వెనకాల ఉండటం ఎక్కడా దొరకదు. రేటెంత? కేంద్రానికి డోసు 150 రూపాయలు. జూన్ 2021లో కంపెనీయే బయటికొచ్చి, ఈ 150 ఎంతోకాలం నిలబడే ధర కాదని రాతపూర్వకంగా చెప్పుకుంది. ప్రైవేటు ఆసుపత్రులకి 1,200 పెట్టుకుంటే, అక్కడా ప్రభుత్వం పన్ను, సర్వీసు చార్జీ కలిపి 1,410 దాటొద్దని గీత గీసింది.

కార్బెవ్యాక్స్ సంగతి ఇంకోలా ఉంటుంది. 2021 జూన్‌లో కేంద్రం బయోలాజికల్ ఇకి 30 కోట్ల డోసుల కోసం 1,500 కోట్లు అడ్వాన్సు ఇవ్వడానికి ఒప్పుకుంది. వ్యాక్సిన్‌కి అనుమతి వచ్చింది డిసెంబర్ 28న. 12 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వేయడం మొదలైంది 2022 మార్చిలో. అప్పటికి జనంలో భయం పోయింది, గిరాకీ కూడా దాంతోపాటే పోయింది.

కోవాగ్జిన్ దేశానికి పనికొచ్చింది. నేను కూడా అదే వేయించుకున్నాను. దేశానికి పనికిరావడం వేరు, షేరు పట్టుకున్నవాడికి లాభం రావడం వేరు. కొనేవాడు ఒక్కడే అయి, రేటు కట్టేదీ, అనుమతి ఇచ్చేదీ కూడా అతనే అయితే, బేరం ఎవరి చేతిలో ఉన్నట్టు?

ఎడిసన్ తెలుగోడు | 9 నవంబర్, ఉదయం 9:48

ల్యాబ్‌కోటు గారు కోవాగ్జిన్ తీశారు కాబట్టి దాని అమెరికా భాగం నేను చెప్తాను. ఇక్కడ న్యూజెర్సీలో ఉండి అంతా చూశాను. నేను కొనలేదు లెండి, ధైర్యం చాలక. ఇప్పుడు దాన్ని తెలివి అని చెప్పుకుంటున్నాను.

పెన్సిల్వేనియాలోని మాల్వెర్న్‌లో ఆక్యుజెన్ అని కంటి జబ్బులకు జన్యు చికిత్సల మీద పనిచేసే చిన్న కంపెనీ. 2020 డిసెంబర్‌లో షేరు 30 సెంట్ల దగ్గర పడి ఉంది. అమెరికాలో కోవాగ్జిన్ హక్కుల కోసం భారత్ బయోటెక్‌తో మాట్లాడుకున్నామని ప్రకటించింది. ఫిబ్రవరికల్లా షేరు 15 డాలర్లు దాటింది. రెండు నెలల్లో 50 రెట్లు! మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో సంక్రాంతి ముగ్గుల ఫోటోలు ఆగిపోయి ఆక్యుజెన్ చార్టులు మొదలయ్యాయి. "మన హైదరాబాద్ వ్యాక్సిన్, మనవాళ్ల కంపెనీ" అనే అభిమానం ఒకటి తోడు.

2021 జూన్ 10న ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ) సలహా బయటికొచ్చింది. అత్యవసర అనుమతి దారి వద్దు, పూర్తి లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోండి అని. ఆ ఒక్క రోజే నాలుగో వంతుకు పైగా పడింది. ఆ నవంబర్‌లో డబ్ల్యూహెచ్‌ఓ తన అత్యవసర వాడకం జాబితాలో కోవాగ్జిన్‌ని చేర్చుకుంది. 2022 మార్చిలో పిల్లలకు వాడకం కోసం అడిగితే ఎఫ్‌డీఏ కాదంది. ఏప్రిల్‌లో తయారీ ప్రమాణాల తనిఖీ తర్వాత ఐరాస సంస్థల ద్వారా సరఫరాని డబ్ల్యూహెచ్‌ఓ ఆపింది. దాని వెనకే ఇక్కడి ట్రయల్‌ని ఎఫ్‌డీఏ నిలిపింది. ఇండియాలో కోట్ల మంది వేసుకున్న వ్యాక్సిన్ అమెరికాలో చివరికి దారి దొరక్క ఆగిపోయింది.

ఇక్కడ ఏ గవర్నమెంటు వెనకాల ఉందని నమ్మి కొన్నట్టు? ఢిల్లీ ఉంది. షేరు తలరాత రాసింది మాత్రం మేరీల్యాండ్‌లోని ఎఫ్‌డీఏ.

బుల్‌రన్ బుజ్జి | 9 నవంబర్, ఉదయం 10:15

అన్నా, అది పెన్నీ స్టాక్. దాన్నెందుకు లాగుతారు? అమెరికా గవర్నమెంట్ తన జేబులోంచి తీసి ఇచ్చిన వాటి గురించి చెప్పు.

ఎడిసన్ తెలుగోడు | 9 నవంబర్, సాయంత్రం 6:30

చెప్తా తమ్ముడూ. ఆపరేషన్ వార్ప్ స్పీడ్, కోవిడ్ వ్యాక్సిన్లు త్వరగా రావడానికి అమెరికా ప్రభుత్వం పెట్టిన పథకం. 2020 జూలైలో నోవావ్యాక్స్‌కి 160 కోట్ల డాలర్లు. 2020 మొదట్లో 4 డాలర్లున్న షేరు 2021 ఫిబ్రవరిలో 300 దాటింది. కానీ తయారీలో ఒకదాని తర్వాత ఒకటి ఆలస్యాలు. ఎఫ్‌డీఏ అనుమతి వచ్చేసరికి 2022 జూలై. అప్పటికే ఫైజర్, మోడర్నా దేశమంతా వేసేశాయి. 2023లో షేరు 10 డాలర్ల లోపు.

మోడర్నాకైతే అన్నీ కలిసొచ్చాయి. పరిశోధనకి డబ్బు ఇచ్చారు, 10 కోట్ల డోసులకి 152 కోట్ల డాలర్ల ఆర్డరూ ఇచ్చారు, వ్యాక్సిన్ పనిచేసింది. 2021 ఆగస్టులో షేరు 480 పైన. అదే ప్రభుత్వం, మనుషులు మారారు. ఈ ఏడాది మేలో బర్డ్ ఫ్లూ వ్యాక్సిన్ కోసం ఇచ్చిన కాంట్రాక్టు రద్దు. ఆగస్టులో ఎంఆర్‌ఎన్‌ఏ (మోడర్నా వ్యాక్సిన్ వెనకున్న టెక్నాలజీ) మీద ఉన్న 22 ప్రాజెక్టులు, దాదాపు 50 కోట్ల డాలర్లవి, ఆరోగ్య శాఖ మూసేస్తున్నట్టు ప్రకటించింది. 2025లో షేరు 30 డాలర్ల చుట్టుపక్కలకి పడిపోయింది. సైన్సు మారలేదు, సెక్రటరీ మారాడు.

నువ్వు చెప్పిన ఎంపీ మెటీరియల్స్ విషయంలో మాత్రం నీ మాట ఒప్పుకుంటాను, కాకపోతే కారణం వేరు. అక్కడ ప్రభుత్వం చేసింది షేర్లు కొనడం ఒక్కటే కాదు. మాగ్నెట్లకి వాడే నియోడిమియం-ప్రాసియోడిమియంకి కిలో 110 డాలర్లు తగ్గకుండా పదేళ్లు చూసుకుంటామని రాసిచ్చింది. మార్కెట్ రేటు తగ్గితే తేడా తను కడుతుంది. కట్టబోయే కొత్త మాగ్నెట్ ప్లాంటు సరుకుకి కొనుగోలు హామీ ఇచ్చింది. చైనా రేటు తొక్కేస్తే ఏమవుతుందనే భయానికి అది నేరుగా మందు. షేరు లేచింది ఆ కాగితం చూసి.

ఇంటెల్ కాగితం చూడు. ఆగస్టు 22న ప్రభుత్వం 43.3 కోట్ల షేర్లు, ఒక్కోటి 20.47 డాలర్లకి తీసుకుంది. ఆ రోజు మార్కెట్ ధర 25కి దగ్గరగా ఉంది. ఆ 890 కోట్ల డాలర్లూ కొత్త డబ్బు కాదు. చిప్స్ చట్టం (అక్కడ చిప్ తయారీకి సబ్సిడీలిచ్చే చట్టం) కింద, రక్షణ చిప్పుల పథకం కింద అంతకుముందే ఇస్తామన్న సొమ్ము. ఊరికే ఇస్తామన్నదానికి బదులు ఇప్పుడు పదో వంతు కంపెనీ తీసుకున్నారు. పాత వాటాదారు కోణంలో చూస్తే ఇది గిఫ్టా, బిల్లా? తర్వాత షేరు పెరిగింది, అది నిజమే. పెరగడానికి ఎన్‌విడియా పెట్టుబడి లాంటివి కూడా ఉన్నాయి.

సర్పవరం జంక్షన్ | 9 నవంబర్, రాత్రి 8:12

మా కాకినాడ ముచ్చట కూడా రాసుకోండి.

పెన్సిలిన్-జి అని యాంటీబయాటిక్స్‌కి మూల పదార్థం. మన దేశంలో మూడు దశాబ్దాల కిందట తయారీ ఆగిపోయి అంతా చైనా నుంచే వచ్చేది. 2020లో కోవిడ్ వచ్చేసరికి ఢిల్లీకి మెలకువ వచ్చి, 6,940 కోట్లతో బల్క్ డ్రగ్స్‌కి (మందుల ముడి పదార్థాలకి) పీఎల్‌ఐ, అంటే ఉత్పత్తిని బట్టి ఇచ్చే ప్రోత్సాహకం, పెట్టారు. అరబిందో వాళ్ల లైఫియస్ తొండంగి వైపు ఏడాదికి 15 వేల టన్నుల ప్లాంటు కట్టింది. 2024 అక్టోబర్‌లో ప్రధాని వర్చువల్‌గా ప్రారంభించారు. మా ఊళ్లో ఫ్లెక్సీలే ఫ్లెక్సీలు.

ఇప్పుడు పీఎల్‌ఐ ఎలా పనిచేస్తుందో చూడండి. ముందు నీ డబ్బుతో నువ్వు కట్టుకోవాలి. తర్వాత అమ్మాలి. అమ్మిన సరుకు విలువ మీద మొదటి నాలుగేళ్లు 20 శాతం, ఐదో ఏడు 15, ఆరో ఏడు 5. అమ్మకం లేకపోతే ప్రోత్సాహకం సున్నా. ఇక్కడ ప్లాంటు లేచే వేళకి చైనావాళ్లు రేటు దించేశారు. వాళ్ల రేటుకి మనం అమ్మితే నష్టం, మన రేటుకి కొనేవాడు లేడు. దిగుమతికి కనీస ధర పెట్టండి మహాప్రభో అని పరిశ్రమ మళ్లీ ప్రభుత్వం దగ్గరికే వెళ్లింది. కనీస ధర పెడితే ఆ పెన్-జి కొని మందులు చేసే చిన్న కంపెనీలకి కడుపు మంట. వాళ్లూ మనవాళ్లే కదా.

ఎంపీ మెటీరియల్స్‌కి రాసిచ్చిన 110 డాలర్ల లాంటి హామీ పీఎల్‌ఐలో లేదు. ఎడిసన్ గారు చెప్పేదాకా ఈ తేడా నాకూ తట్టలేదు.

కొండాపూర్ కుర్రాడు | 9 నవంబర్, రాత్రి 9:03

అమ్మో. నేను పేర్లు అడిగితే క్లాసు మొదలైంది, కానీ బాగుంది. మరి చిప్స్, క్వాంటమ్ మాటేమిటి? మన ఆంధ్రాకి కూడా ఒక చిప్ ప్లాంట్ వచ్చింది కదా.

టాటా ఏస్ | 9 నవంబర్, రాత్రి 10:27

ఆగస్టు 12న కేబినెట్ ఓకే చేసిన నాలుగింట్లో ఆంధ్రాది ఒకటి. ఏఎస్‌ఐపీ టెక్నాలజీస్, కొరియా కంపెనీతో కలిసి, ఏడాదికి 9.6 కోట్ల యూనిట్ల ప్యాకేజింగ్. షేరు మార్కెట్లో లేదు. టాటా ఎలక్ట్రానిక్స్ ధోలేరాలో 91 వేల కోట్లతో కడుతోంది, అదీ లిస్ట్ కాలేదు. మైక్రాన్ ప్లాంటు సాణంద్‌లో, దాని షేరు మాత్రం అమెరికా నాస్‌డాక్‌లో.

నేరుగా దొరికేవి సీజీ పవర్, కేన్స్ లాంటి కొన్ని. కేంద్రం ప్రాజెక్టు ఖర్చులో సగం భరిస్తుంది, కంపెనీ తన వాటా పెడుతున్నకొద్దీ తన వాటా విడుదల చేస్తుంది. ఇది గట్టి సాయమే. కానీ ఈ సంగతి నీకంటే ముందు మార్కెట్‌కి తెలుసు. వందకి అటూ ఇటూ పీఈ (షేరు ధర ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పే లెక్క) ఉన్న షేరు కొంటున్నావంటే ఆ సబ్సిడీకి డబ్బు నువ్వు ఇప్పుడే కట్టేస్తున్నట్టు లెక్క.

ఇంకోటి. వేదాంత-ఫాక్స్‌కాన్ గుర్తుందా? 2022 సెప్టెంబర్‌లో గుజరాత్‌లో చిప్ ఫ్యాక్టరీకి 1.54 లక్షల కోట్లు అన్నారు. 2023 జూలైలో ఫాక్స్‌కాన్ తప్పుకుంది. అంతే.

క్వాంటమ్ అంటావా, అమరావతికి ఐబీఎం 156 క్యూబిట్ల హెరాన్ యంత్రం అన్నారు, టీసీఎస్ కూడా ఉంది. నేనూ సంతోషించాను, మా అమ్మమ్మగారి ఊరు తుళ్లూరు పక్కనే. కానీ ఏడాదికి 48 వేల కోట్ల లాభం తీసే టీసీఎస్ షేరుని ఒక క్వాంటమ్ కేంద్రం ఏం కదుపుతుంది? అమెరికాలో ఉన్న క్వాంటమ్ షేర్ల సంగతి బుజ్జి సగమే చెప్పాడు. జనవరిలో ఎన్‌విడియా అధిపతి జెన్‌సెన్ హువాంగ్, పనికొచ్చే క్వాంటమ్ కంప్యూటర్‌కి 15 నుంచి 30 ఏళ్లు పట్టొచ్చు అనగానే అవే షేర్లు ఒక్క రోజులో 40 శాతం చుట్టూ పడ్డాయి. ఒక మనిషి ఒక ముక్క మాట్లాడితే!

మల్టీబ్యాగర్ మాస్టర్ | 10 నవంబర్, ఉదయం 6:02

[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్ | 10 నవంబర్, ఉదయం 8:40

టెలిగ్రామ్ లింకులు పెట్టొద్దని పిన్ చేసిన పోస్టులో ఉంది. "సెమీకండక్టర్ సీక్రెట్ స్టాక్" అంటూ 999 రూపాయలు అడిగే గ్రూపులు ఈ వారంలో ఇది మూడోది. సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఇక్కడ టిప్స్ ఇవ్వకూడదు. చర్చ కొనసాగించండి.

పాతకాపు | 10 నవంబర్, ఉదయం 11:16

మోడరేటర్ గారు తీసేసింది చూడగానే పాత గాయం సలిపింది. పేరు చెప్పను గానీ నా కథ వినండి.

రెండున్నరేళ్ల కిందట. చిన్న కంపెనీ, డ్రోన్ల వ్యాపారం. ఒక రాష్ట్ర ప్రభుత్వ సంస్థతో ఒప్పందం అని ఎక్స్చేంజిలో ప్రకటన. నేను 212 దగ్గర కొన్నాను, 600 షేర్లు. వరసగా ఆరు రోజులు అప్పర్ సర్క్యూట్, అంటే ఒక రోజులో పెరగనిచ్చే హద్దు దాకా పెరిగింది. ఏడో రోజు మా ఆవిడకి చెప్పాను, వంటింటికి కొత్త చిమ్నీ పెట్టిద్దామని. ఆ వారమే లోయర్ సర్క్యూట్లు మొదలయ్యాయి. పొద్దున 9:15కి అమ్మకం పెట్టి కూర్చుంటే కొనేవాళ్ల వైపు సున్నా. ఆ తెల్లటి ఖాళీ గడి చూస్తూ టీ తాగడం ఎలా ఉంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది. ఇరవై రోజుల పైన. చివరికి 71కి వదిలించుకున్నాను.

తర్వాత తీరిగ్గా చదివితే తెలిసింది, ఆ ప్రకటనలో ఉన్నది ఆర్డరు కాదు, ఎంఓయూ. ఎంత కొంటారు, ఎప్పుడు కొంటారు, రేటెంత, ఏమీ లేదు. అంతకుముందు చేసిన ప్రభుత్వ పనుల బిల్లులు కూడా రాలేదు. వార్షిక నివేదికలో ట్రేడ్ రిసీవబుల్స్ (కంపెనీకి రావలసిన బాకీలు) అని ఒక పట్టిక ఉంటుంది, అందులో ఆరు నెలలు దాటిన బాకీలే సగం. 600 షేర్లు కొనేముందు అది చదవడానికి పట్టే టైము పది నిమిషాలు. చిమ్నీ ఇప్పటికీ పెట్టించలేదు.

బుల్‌రన్ బుజ్జి | 10 నవంబర్, మధ్యాహ్నం 1:50

సారీ అన్నా, అది బాధాకరం. కానీ అందరూ భయపెట్టడమే. రిస్క్ లేనిదే రిటర్న్ లేదు. ఇండియన్ బయోటెక్‌లో ఒక్కటి కూడా మంచిది లేదంటారా?

ల్యాబ్‌కోటు | 10 నవంబర్, రాత్రి 9:35

లేదని ఎవరన్నారు బుజ్జీ? నాకు నచ్చిన ఉదాహరణ చెప్తా. నెక్స్‌కార్19, క్యాన్సర్‌కి కార్-టి చికిత్స (రోగి రక్షక కణాల్నే మార్చి మళ్లీ ఎక్కించేది). ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారుచేశాయి. బైరాక్ లాంటి ప్రభుత్వ సంస్థల నిధులున్నాయి. 2023 అక్టోబర్‌లో అనుమతి. అమెరికాలో కోట్లు అయ్యే చికిత్స ఇక్కడ దాదాపు పదో వంతుకి వచ్చింది. దాన్ని అమ్మే ఇమ్యునోయాక్ట్ లిస్ట్ కాలేదు. కానీ మన హైదరాబాద్ లారస్ ల్యాబ్స్ 2021లోనే 46 కోట్లు పెట్టి అందులో నాలుగో వంతుకు పైగా కొంది. అలా అని లారస్ కొంటే నువ్వు కార్-టి కొన్నట్టు కాదు. దాని వ్యాపారంలో అది ఆవగింజంత. నువ్వు కొనేది హెచ్‌ఐవీ మందులూ, కాంట్రాక్టు తయారీ.

మన దగ్గర 'బయోటెక్ షేరు' అని కొనేది చాలావరకు ఇదే, ఇంకొకరి మందుని శుభ్రంగా, చవగ్గా, టైముకి చేసిపెట్టే పని. దానికి కూడా ప్రభుత్వమే గాలి, మనది కాదు, అమెరికాది. చైనా వుషీ లాంటి కంపెనీలకి చెక్ పెట్టే బయోసెక్యూర్ బిల్లు 2024 సెప్టెంబర్‌లో వాళ్ల దిగువ సభ హౌస్‌లో పాసైతే ఇక్కడ కాంట్రాక్టు ఫార్మా షేర్లన్నిటికీ పండగ. ఆ ఏడాది అది చట్టమే కాలేదు. ఈ సెప్టెంబర్ 25న ట్రంప్ బ్రాండెడ్ మందుల మీద 100 శాతం సుంకం అని పోస్టు పెడితే, మనం ఎక్కువగా పంపేది జనరిక్సే అయినా, మర్నాడు ఫార్మా ఇండెక్స్ మొత్తం పడింది.

మా ల్యాబ్‌లో మాకు అసలు టెన్షన్ వేరు. ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్ గేటు దగ్గర కారు దిగాడంటే ఆ వారం ఎవరికీ నిద్ర ఉండదు. ఫామ్ 483 (తనిఖీలో కనిపించిన లోపాల జాబితా)లో ఎన్ని అబ్జర్వేషన్లు రాశాడన్నదే మా జాతకం. షేరు కొనేవాళ్లు మంత్రుల ప్రసంగాలు వింటారు గానీ, ఈ 483లు చదివేవాళ్లు తక్కువ. వాటిల్లో కొన్ని బయటికి దొరుకుతాయి కూడా.

ఆర్డీఐ ఫండ్ గురించి కుర్రాడు అడిగాడు. అందులో గ్రాంట్లు లేవు. తక్కువ వడ్డీకి దీర్ఘకాలం అప్పు, లేదా స్టార్టప్‌లో వాటా. అదీ ఫండ్ మేనేజర్ల ద్వారా, ప్రయోగశాల దశ దాటిన వాటికి. చాలావరకు లిస్ట్ కాని కంపెనీలకే వెళ్తుంది. పదేళ్ల తర్వాత వాటిల్లో ఒకటి ఐపీఓకి వస్తే అప్పుడు నువ్వూ నేనూ లైన్లో నిలబడతాం.

ఆడిటరమ్మ | 11 నవంబర్, ఉదయం 7:55

బాబూ, అమెరికా షేర్లు కొనే ఆలోచన ఉంటే ఇది చదువుకో. ఇక్కడి నుంచి పంపేది ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపుకునే ఆర్‌బీఐ పథకం) కింద, ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా. 10 లక్షలు దాటితే ఆ పైన దానికి 20 శాతం టీసీఎస్ (ఆ కంపెనీ కాదు, బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు, రిటర్నులో సర్దుకోవచ్చు. నీ 4 లక్షలకి ఆ బాధ లేదు. 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం, అంతకు ముందైతే నీ శ్లాబ్. డివిడెండ్ మీద అక్కడే 25 శాతం కోస్తారు. దానికి సంబంధించిన ఫారం (2025లో ఫామ్ 67) వేస్తే ఇక్కడ క్రెడిట్ వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఒక్క షేరున్నా రిటర్నులో షెడ్యూల్ ఎఫ్‌ఏ (విదేశీ ఆస్తుల పట్టిక) నింపాలి. ఐటీ పిల్లలు కంపెనీ ఇచ్చిన షేర్లున్నా మర్చిపోయి జూలై 31 రాత్రి నాకు ఫోన్ చేస్తారు. 20 లక్షల లోపు వాటికి ఇప్పుడు పెనాల్టీ తీసేశారు గానీ, ఆ పైన ఉంటే 10 లక్షల పెనాల్టీకి అవకాశం ఉంది.

కృష్ణలంక బాబాయ్ | 11 నవంబర్, ఉదయం 8:30

ఇంతమంది ఇంత రాశారు. నేనడిగిన దానికి మాత్రం జవాబు రాలేదు.

కొండాపూర్ కుర్రాడు | 11 నవంబర్, రాత్రి 9:17

సారీ బాబాయ్, చూసి కూడా దాటేశాను. నిజం చెప్పాలంటే ఎందుకు అడిగారో అప్పుడు అర్థం కాలేదు.

5 లక్షల చీటీ, 25 నెలలు, నెలకి 20 వేలు. 14వ నెలలో 75 వేలకి పాడాను. కమిషన్ 25 వేలు. చేతికి 4 లక్షలు. ఇంకా 11 వాయిదాలున్నాయి.

కృష్ణలంక బాబాయ్ | 11 నవంబర్, రాత్రి 9:40

11 వాయిదాలు. డివిడెండ్ పోను నెలకి 17, 18 వేలు వేసుకో. దగ్గర దగ్గర రెండు లక్షలు. అంటే నీ చేతిలో ఉన్న నాలుగింట్లో సగం అప్పు. ఇప్పుడు చెప్పు, ఆ సగంతో క్వాంటమ్ కొంటావా? పైగా పాటలో వదులుకున్న 75 వేలు ఆ అప్పుకి నువ్వు ముందే కట్టేసిన వడ్డీ. అది తిరిగి రావాలంటేనే షేరు ఎంత పెరగాలో లెక్క వేసుకో.

ఎఫ్‌డీ వేసుకోమని చెప్పట్లేదు, బుజ్జి వింటున్నాడా?

బుల్‌రన్ బుజ్జి | 11 నవంబర్, రాత్రి 9:44

వింటున్నా బాబాయ్ 🙏 ఈ ఒక్కదానికి నో కామెంట్స్.

కొండాపూర్ కుర్రాడు | 23 నవంబర్, సాయంత్రం 5:20

అప్‌డేట్. రెండు లక్షలు లిక్విడ్ ఫండ్‌లో పెట్టాను, వాయిదాలు అందులోంచే పోతాయి. లక్షన్నర సిప్ ఉన్న ఇండెక్స్ ఫండ్‌లోనే ఆరు నెలలకి పంచి వేస్తున్నాను. మిగిలిన 50 వేలు సరదాకి. పోయినా ఇంట్లో చెప్పుకోగలిగినంత.

ఆ 50 వేల కోసం రెండు కంపెనీల వార్షిక నివేదికలు దించాను. పాతకాపు గారు చెప్పిన రిసీవబుల్స్ పట్టిక కోసం ఒకదాంట్లో 214వ పేజీ దాకా వెళ్లాల్సొచ్చింది. ఇంకోదాంట్లో 'ప్రభుత్వ గ్రాంట్లు' అని ఒక నోటు ఉంది. లాభంలో ఎంత వ్యాపారం నుంచి, ఎంత సబ్సిడీ నుంచి అన్నది అక్కడ విడిగా రాస్తారని నాకు ఇంతవరకు తెలీదు. సబ్సిడీ తీసేస్తే ఆ ఏడాది లాభం మూడో వంతు ఎగిరిపోతోంది. ఇంకా ఏదీ కొనలేదు. ల్యాబ్‌కోటు గారూ, ఆ 483లు ఎక్కడ దొరుకుతాయి?

ల్యాబ్‌కోటు | 23 నవంబర్, రాత్రి 8:08

ఎఫ్‌డీఏ వెబ్‌సైట్‌లో ఇన్‌స్పెక్షన్ల డేటా విభాగం ఉంటుంది, కంపెనీ పేరుతో వెతుకు. వార్నింగ్ లెటర్లు అన్నీ పెడతారు, 483లు కొన్నే. మన కంపెనీలు కూడా ఇన్ని అబ్జర్వేషన్లు వచ్చాయని ఎక్స్చేంజికి చెప్తాయి, చాలాసార్లు శుక్రవారం సాయంత్రం మార్కెట్ మూసేశాక 😀

కృష్ణలంక బాబాయ్ | 23 నవంబర్, రాత్రి 8:31

బాగుంది. ఇంతకీ ఆ చీటీ కమిషన్ 25 వేలకి రసీదు ఇచ్చారా?

కొండాపూర్ కుర్రాడు | 23 నవంబర్, రాత్రి 8:33

...రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు అడుగుతాను బాబాయ్.